జంగమ్మ కోడి

కళ్యాణి మూడో కోడి కడుపు కుడుతోంది. దబ్బనం తోలులోంచి దిగి అవతలికి వచ్చింది, తెల్ల నూలుదారం దాని వెంట వచ్చింది, మళ్లీ ఇవతలికి, మళ్లీ అవతలికి, వేళ్లకు చిన్నప్పటినుంచి తెలిసిన పని. లోపల ఒక కౌజుపిట్ట, ఆ పిట్ట కడుపులో ఉడికించిన కౌజుగుడ్డు, పిట్టకూ కోడికీ మధ్య సందుల్లో వేయించిన కైమా, ఉల్లిగడ్డ, పుదీన, జీడిపప్పు, దంచిన నువ్వులు. గట్టిగ గుంజు బిడ్డా, లేకుంటె లోపలిదంత బయటికొస్తది, అనేది అమ్మ. గట్టిగా గుంజింది. లోపలిది బయటికి రాకుండా కుట్టుకోవడం ఈ ఇంట్లో అందరికీ వచ్చు. అత్తకు వచ్చు, బావ జగదీశ్‌కు వచ్చు, కట్టుకున్న లక్ష్మణ్‌కైతే ఇంకా బాగా వచ్చు. రెండేళ్లు కుట్టుకుని కూర్చున్నారు. మొన్న సద్దుల బతుకమ్మ నాడు అత్త భాగ్యమ్మ ఆ బంగారు గొలుసు, గుండ్ల పేరు, మెడలో వేసుకుని వాకిట్లోకి వచ్చేదాకా ఎవరూ నోరు విప్పలేదు.

ఎంత మామూలుగా వచ్చింది! పట్టుచీర, తలలో బంతిపూలు, తాంబాళంలో బతుకమ్మ, మెడలో అదే పేరు, అవే గుండ్లు, నడుమ అదే ఎర్రరాయి. ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు, కళ్యాణీ తిరుగుతోంది, వంగినప్పుడల్లా అది అత్త మెడలోంచి ముందుకు ఊగుతోంది, లేచినప్పుడల్లా వెనక్కి పోయి రొమ్ముకు తగులుతోంది. పోయిందన్న పేరు. తన తమ్ముడు పాండు తీశాడన్న పేరు. పాట ఆగిందో తనే ఆగిపోయిందో గుర్తు లేదు. ఇంటికి వస్తూ దారిలోనే అడిగింది, "అత్తమ్మా, గది యాడ దొరికింది?" అని. భాగ్యమ్మ అటూ ఇటూ చూసి కొంగు మెడమీదికి లాక్కుంది. "పెద్దోడు అప్పుడేదో అవసరానికి తీస్కపోయి తాకట్టు పెట్టిండట. ఇప్పుడు ఇడిపిచ్చి తెచ్చిండు. పండుగ పూట ఇగ గది తవ్వకు." "మరి మా పాండు?" అంటే, "అయిందేదో అయింది, ఆడు ఎట్లనో బతుకుతుండు గదా," అంది. ఎట్లనో. ఇంట్లో లక్ష్మణ్‌ను అడిగితే అతను చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు, మళ్లీ విప్పడం మొదలుపెట్టాడు. ఆ ఆగడంలోనే అంతా తెలిసిపోయింది. "నీకు ఎప్పటి సంది ఎరుక?" "కేసయినంక వారానికే ఎరుకైంది. సొంత అన్నను ఎట్ల బయట పెడ్త కళ్యాణీ?" అని గోడకేసి చెప్పాడు.

దారం ముడి వేసి పళ్లతో కొరికింది. కాళ్లు రెండూ దగ్గరికి కట్టింది, రెక్కలు వెనక్కి మడిచింది. వెడల్పాటి మూకుడులో నెయ్యి పొగలు కక్కుతోంది. కోడిని దించగానే చుర్రుమని లేచిన చప్పుడు నెత్తిమీదుగా దిగుతున్న విమానం మోతలో కలిసిపోయింది. ఎయిర్‌పోర్టు పక్క ఊరు, సాతంరాయిలో వంట చేస్తే ఇంతే, ఏది వేగుతున్న చప్పుడో ఏది విమానమో చెవికి తెలియదు. పాండుకు మాత్రం తెలిసేది. ఎగిరేదా దిగేదా, మనుషుల విమానమా సరుకు విమానమా, కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఎయిర్‌పోర్టులో సరుకు దించే పని వాడిది. మెడలో పాస్ వేసుకుని, మెరిసే పట్టీల జాకెట్ తొడుక్కుని వెళ్తుంటే వాకిట్లో నిలబడి చూసేది అమ్మ. నా కొడుకు ఇమానాలు ఎక్కకున్నా ఆటిని ముట్టుకుంటుండు, అని అందరికీ చెప్పుకునేది. రెండేళ్ల కిందటి దసరాకు ఆ జాకెట్‌తోనే డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చాడు, అక్క కోడి కుడుతుంటే దాని కాళ్లు పట్టుకోవాలని. చిన్నప్పుడు అమ్మ కుడుతుంటే కాళ్లు వాడు పట్టేవాడు, దారం తను అందించేది. అమ్మ ఎవరెవరి పెళ్లిళ్లకో వంటకు పోయి ఎక్కడ చూసిందో, ఇంటికొచ్చి తన తీరుగా మార్చుకుంది. ఏడాదికి ఒక్కసారి, దసరాకు, ఒక్క కోడి. ఇంటిల్లిపాదికీ ఒక్కటే. గుడ్డు ఎప్పుడూ పాండుకే.

ఆ పూట భోజనాలయ్యాక అత్త అల్మారాలో గుండ్ల పేరు లేదని కేక వేసింది. జగదీశ్ ఎవరినీ ఏమీ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే మొదట తట్టాల్సింది, ఎవరినీ అడగకుండానే నేరుగా పాండు దగ్గరికి ఎలా వెళ్లాడు? వెళ్లి, చెయ్యి కడుక్కుంటున్న వాడి మెడ పట్టుకుని తిప్పి, ఎడమ చెవి మీద కొట్టాడు. ఒకటి కాదు. "పేద ముండకొడుకా, తిన్న ఇంట్ల దొంగతనమా" అంటూ వాడు గోడకు ఒరిగేదాకా కొట్టాడు. చెవిలోంచి సన్నగా రక్తం దిగి ఆ జాకెట్ మెరుపుపట్టీ మీద పడింది. తను అడ్డం పోతే లక్ష్మణ్ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. తన చెయ్యి. అన్న చెయ్యి కాదు. ఆ రోజే కేసు పెట్టారు. కేసు ఉన్నవాడికి ఎయిర్‌పోర్టులో పాస్ ఉండదు, పాస్ లేనివాడికి పని ఉండదు. తర్వాత ఊరి పెద్దలు రాజీ చేశారు, కేసు పోయింది, పాస్ తిరిగి రాలేదు. చెవికి చూపిస్తే దవాఖానలో డాక్టర్, పొర చినిగింది, ఇంక వినబడదు, అన్నాడు. బడంగ్‌పేట్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్లకు ప్లాస్టరింగ్ పనికి పోతున్నాడిప్పుడు. పిలిస్తే తల మొత్తం తిప్పి చూస్తాడు, కోడిలా.

కోడి ఎర్రగా వేగింది, తిప్పింది. అమ్మ కిందటి వానాకాలంలో పోయింది. పోయే ముందు మంచం మీదినుంచి తన చెయ్యి పట్టుకుని, పాండు బయటికి పోయేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగింది, "నిజంగనే తీసిండా బిడ్డా? నాకు చెప్పు, నేనేమనను." తీయలేదమ్మా, అంది తను. అమ్మ తలూపింది. నమ్మినట్టు ఊపలేదు. నన్ను ఓదారుస్తున్నావులే అన్నట్టు ఊపింది. అప్పటికే లక్ష్మణ్‌కు తెలుసు. ఆ మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని బత్తాయిలు వలిచి అమ్మకు తినిపించాడు, గింజలు తీసి మరీ తినిపించాడు. ఒక్క మాట అంటే చాలు కదా, అత్తా నీ కొడుకు దొంగ కాదు అని, ఆ ముసలిది ఆ మాట నోట్లో పెట్టుకుని పోయేది. కళ్యాణికి కళ్లు మండాయి. నెయ్యి పొగ అనుకుంది. పొగే.

మసాలా పట్టించిన పెద్ద గంజులోకి మూడు కోళ్లనూ ఒకదాని పక్కన ఒకటి దించింది. మూత పెట్టి, చుట్టూ పిండిముద్ద అంటించి, సందు లేకుండా బొటనవేలితో నొక్కుతూ పోయింది. పొద్దున జగదీశ్ గొంతు కూడా ఇలాగే నొక్కాలనిపించింది. పొద్దున, పండుగ కదా, ఒక అవకాశం ఇద్దామనుకుంది. వీళ్లే పిలవాలి, పిలిచి వాడి ముందు ఒక మాట అనాలి, చాలు. "బావా, పాండును గూడ పిలుద్దాం భోజనానికి," అంది. జగదీశ్ పేపర్ దించలేదు. "ఇయ్యాల వద్దమ్మా. హోటల్ల పైసలు పెట్టే జోగారావు గారు వస్తున్నరు. కేసయినోడు పక్కన కూసుంటే ఆయన ఏమనుకుంటడు? జర సమజ్ చేస్కో." గుండ్ల పేరు తిరిగి వచ్చాక, తీసిన చెయ్యి ఎవరిదో అందరికీ తెలిశాక, ఆ చేత్తోనే పేపర్ పట్టుకుని అన్నాడు. లక్ష్మణ్ ఫోన్ చూసుకుంటున్నాడు. అత్త దేవుడి గదిలో గంట గట్టిగా వాయించింది. పోనీ ఆ మాటతో ఆగినా బాగుండేది. "నీ కోడి మీదనే అంత ఆధారపడ్డది కళ్యాణీ. వాళ్లు తిని మెచ్చిన్రంటే ఎయిర్‌పోర్టు రోడ్ల మన హోటల్ ఖాయం. భాగ్యమ్మ వంటిల్లు అని పేరు గూడ పెట్టిన," అన్నాడు. భాగ్యమ్మ వంటిల్లు. అత్త జన్మలో కోడి కడుపు కుట్టలేదు.

మూతమీద నిప్పులు పరిచింది. ఇంక గంట ఆగాలి. స్టూలు లాక్కుని పొయ్యికి ఎదురుగా కూర్చుంది. పక్కన గిన్నెలో, కార్జం కోసేటప్పుడు చిట్లకుండా తీసి పెట్టిన చేదుతిత్తులు, మూడు ఆకుపచ్చని బొట్లలా ఉన్నాయి. ఒక్కటి చిట్లితే కోడి మొత్తం విషంలా చేదు ఎక్కుతుంది, పారబోయాల్సిందే, దాన్ని తీసేటప్పుడు అమ్మ ఊపిరి కూడా బిగపట్టేది. పొద్దున దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. జగదీశ్‌కు పెట్టే కోడిలో చిదిమితే? మొదటి ముక్క జోగారావు ముందు నోట్లో పెట్టుకుని, ఉమ్మలేక మింగలేక, కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చూడాలి. లేకపోతే గుప్పెడు ఉప్పు. లేకపోతే ఆ ముక్కలో ఒక ఎముక అడ్డం పడి, పడనీ, గొంతు పట్టుకుని ఎర్రగా అయిపోయి, ఎవరూ వీపు మీద కొట్టకుండా. ఆ ఆలోచనలో చాలాసేపు ఉంది, తియ్యగా ఉంది, దిగి రావాలనిపించలేదు. కానీ చేదైతే ఏమంటాడు? కళ్యాణికి చేతకాలేదు అంటాడు. అమ్మ వంట చెడుతుంది, వాడు నోరు కడుక్కుంటాడు, అంతే. వీళ్లు అమ్మ కొడుకును చెడగొట్టారు, అమ్మ ప్రాణాన్ని నమ్మకం లేకుండా పంపారు, ఇప్పుడు తన చేత్తో అమ్మ కోడిని కూడా చెడగొట్టుకోవాలా? చేదుతిత్తుల గిన్నె తీసుకుపోయి ఎరువు గుంతలో పారేసి వచ్చింది. కోపం తగ్గలేదు. చోటు దొరకక లోపలే తిరుగుతోంది.

లోపల హాల్లోంచి నవ్వులు. అతిథులు వచ్చేశారు. జగదీశ్ గొంతు మారిపోయింది, గారూ అండీ అంటూ, కొత్త చెప్పులు వేసుకున్నవాడిలా జాగ్రత్తగా. "మా అమ్మ చేతి వంట అండీ, మా ఇంట్ల తరతరాల నుంచి వస్తున్నదండీ." మూత అంచున పిండి ఎండి బిగుసుకుంటోంది, ఎక్కడా ఆవిరి రావడం లేదు, వాసన మాత్రం ఎలాగో వస్తోంది, నువ్వులూ పుదీనా కొవ్వూ కలిసిన వాసన, పాత ఇంటి వాసన, రేకుల కింద పాండు మోకాళ్లమీద గడ్డం ఆనించుకుని పొయ్యికేసి చూస్తూ అయిందా అమ్మా అయిందా అని అడిగే వాసన. సాయంత్రం ఈ జగదీశే జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెడతాడు, బంగారం అంటాడు, పెద్దవాడు కనక తను వంగి కాళ్లు మొక్కాలి. వంగాలి. ఆ కాళ్లకు. ఇంతలో వెనక వాకిట్లోకి ఎవరో వచ్చారు, జోగారావు భార్య, వేదవతి అట, అత్తాపూర్‌లో ఉంటారట, వాసన పట్టుకుని వచ్చేశానండీ అని నవ్వింది. మంచి మొహం. "మీ అత్తగారి దగ్గర నేర్చుకున్నారాండీ ఇదంతా?"

కళ్యాణి లేచి నిలబడింది. "కాదండీ. మా అమ్మ దగ్గర. జంగమ్మ ఆమె పేరు."

"అలాగా! మీ బావగారు చెప్పలేదండీ. మరి అమ్మగారు రాలేదా పండక్కి?"

"పోయింది."

"అయ్యో," అంది వేదవతి. కళ్యాణి భుజం ముట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

అమ్మ పేరు బయటికి అన్నాక గుండెలో తిరుగుతున్న కోపానికి ఒక్కసారిగా చోటు దొరికింది. ఎందుకు తినాలి వీళ్లు? అంత చిన్న మాట ఇంతసేపు ఎందుకు తట్టలేదు! చేదు ఎందుకు, ఉప్పు ఎందుకు? కోడి బాగుండాలి, ఎన్నడూ లేనంత బాగుండాలి, వాసన ఈ ఇల్లంతా నిండాలి, ఆకలి ఆగకూడదు, ఆకులు వేసుకుని కూర్చోవాలి, అప్పుడు ఉండకూడదు. ఒక్క ముక్క కూడా. ఫోన్ తీసి, రెండిళ్ల అవతల ఉండే కొండల్‌కు చేసింది. ట్రాలీ ఆటో నడుపుతాడు, పాండు ఈడువాడు. "కొండల్, మా వెనక గేటుకాడికి ఆటో పెట్టు. బడంగ్‌పేట్ పోవాలె." "ఇప్పుడా అక్కా? పండుగ గదా." "పండుగకే పోతున్న."

సమయం అయ్యాక మూతమీది నిప్పులు తీసేసింది. పిండి సీలు విప్పలేదు. రెండు గోనెసంచులు తడిపి గంజు అంచులు పట్టుకుని లేపబోతే లేవలేదు. మళ్లీ ప్రయత్నించింది. అప్పుడే గడపలో సుమలత కనిపించింది, జగదీశ్ భార్య, చేతిలో ఖాళీ నీళ్ల జగ్గు. గేటు వైపు చూసింది, ఆటోను చూసింది, గంజును చూసింది.

"ఏడికి?" అంది.

"మా తమ్ముని ఇంటికి."

సుమలత లోపలికి ఒకసారి చూసి జగ్గు కింద పెట్టింది. అరుస్తుందనుకుంది కళ్యాణి. అరిచినా సరే, ఈడ్చుకుంటూ అయినా తీసుకుపోతాను, వేడిది మీద పడినా సరే. సుమలత కొంగు నడుముకు దోపి వచ్చి అవతలి అంచు పట్టుకుంది. "ఎత్తు," అంది. ఇద్దరూ మోసి ఆటోలో పెట్టారు. "నాకు గూడ నిరుడే ఎరుకైంది," అంది సుమలత, అరచేతులు ఊదుకుంటూ. "అడిగితే నన్ను గూడ కొట్టిండు." గేటు చప్పుడు కాకుండా మూసింది.

ఆటోలో గంజు కదలకుండా రెండు కాళ్ల మధ్య బిగించి కూర్చుంది. ఊరు దాటింది, శంషాబాద్ దాటింది, ఎయిర్‌పోర్టు గోడ పక్కనుంచి మామిడిపల్లి మీదుగా, గోడ ఎంతకీ అయిపోదు, ఏదో ఒక గేటులోంచి వాడు రోజూ లోపలికి పోయేవాడు. అక్కడ నిలబడిన కాపలావాళ్ల మెడల్లో పాస్‌లు గాలికి తిరుగుతున్నాయి. భయం వేసిందా అంటే వేసింది. ఇంక ఆ ఇంటికి తిరిగి పోవడం ఉంటుందో ఉండదో. పెళ్లినాటి మంచం, తను నాటిన కరివేపాకు చెట్టు, లక్ష్మణ్. లక్ష్మణ్ మంచివాడే, అందరూ అంటారు, తనూ అనేది. చెయ్యి ఎత్తని మనిషి. ఎత్తిన చెయ్యిని పట్టుకోని మనిషి కూడా. ఫోన్ మోగడం మొదలైంది. మోగనిచ్చింది. ఆకులు వేసి ఉంటారు. నీళ్లు చల్లి ఉంటారు. జగదీశ్ వెనక వాకిట్లోకి వచ్చి, ఆరిపోతున్న నిప్పుల ముందు నిలబడి ఉంటాడు, లోపలికి పోయి ఏం చెప్పాలో తెలియక. ఆ మొహం తలుచుకుని కళ్యాణి ఆటోలో ఒక్కతే నవ్వింది. కొండల్ అద్దంలోంచి చూశాడు.

పాండు గది ఇంకా సున్నం పడని ఇంటి కింది అంతస్తులో ఉంది. పండుగ పూట కూడా లుంగీ మీదే ఉన్నాడు, పొయ్యి మీద అన్నం ఒక్కటే ఉడుకుతోంది. కొండల్‌తో కలిసి గంజు మోసుకొస్తుంటే తల మొత్తం తిప్పి చూశాడు. "ఏందక్కా గిది?" అన్నాడు. కళ్యాణి అతని కుడి పక్కకు వెళ్లి కూర్చుని, గుండ్ల పేరు సంగతి చెప్పింది. మొత్తం చెప్పింది, తాకట్టు, అత్త, లక్ష్మణ్, బత్తాయిలు. అరుస్తాడనుకుంది. ఏడుస్తాడనుకుంది. వాడు చేతులకు అంటిన సిమెంటు గోటితో గీక్కుంటూ విన్నాడు.

"అమ్మకు తెల్వకనే పాయె," అన్నాడు చివరికి.

ఫోన్ మళ్లీ మోగింది. లక్ష్మణ్. ఈసారి ఎత్తి స్పీకర్ పెట్టి చాప మీద పెట్టింది.

"కళ్యాణీ, ఏడున్నవ్? అందరు ఆకుల ముంగట కూసున్నరు. గంజు లేదు. అన్న పరేషాన్ అయితుండు."

"మా పాండు ఇంట్ల ఉన్న. కోళ్లు గూడ ఈడనే ఉన్నయి."

"గిదేం పని కళ్యాణీ? ఇజ్జత్ పోతది. నేనొస్త, తీస్కొస్త."

"రాకు. వాళ్లు కోళ్లేవని అడుగుతరు గదా. ఎందుకు లేవో నువ్వే చెప్పు. జోగారావు గారి ముంగట, మీ అన్న ముంగట, మీ అమ్మ ముంగట, ఇప్పుడే చెప్పు, ఈ ఫోను పెట్టకుంట చెప్పు. నేను వింట. చెప్పకపోతే నేను మల్ల ఆ ఇంట్లకు రాను. నీకు తెలుసు, నేను ఉత్తగ అనను."

గిన్నెల చప్పుడు. దూరంగా జోగారావు గొంతు, "ఏమైందండీ లక్ష్మణ్ గారూ? ఏదైనా ఇబ్బందా?" అని. తర్వాత నాలుగడుగులు నడిచిన చప్పుడు, హాలు మోత పెరిగింది. "కళ్యాణి లేదండీ," అన్నాడు లక్ష్మణ్. "కోళ్లు తీస్కొని ఆళ్ల తమ్ముని కాడికి పోయింది." "ఫోన్ పెట్టేయ్ రా," జగదీశ్. "ఏం మాట్లాడుతున్నవ్ రా, పెట్టేయ్." "రెండేండ్ల కింద అమ్మ గుండ్ల పేరు పోయిందని ఆ పిలగాణ్ని కొట్టినం అండీ. చెవి పోయింది. నౌకరి పోయింది. పేరు ఆడు తీయలే. మా అన్న తీసిండు. నాకు అప్పట్నే ఎరుక." ఏదో కింద పడి పగిలింది. భాగ్యమ్మ "ఓరి నా కొడుకా" అని శోకం తీసింది. ఎవరో కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు, ఆ వెంటనే "పద వేదవతీ, లే," అన్న మాట.

కళ్యాణి మూత అంచున ఎండిన పిండిని గరిటె వెనక భాగంతో కొట్టి విరిచింది. ఆవిరి మొహాన కొట్టింది. మొదటి కోడి దారం తెంపి, కడుపు విప్పి, పళ్లెంలో పెట్టి తమ్ముడి ముందుకు జరిపింది. పాండు దాన్ని ముట్టుకోలేదు. ఫోనుకేసి వంగి, రెండు చేతులూ నేలకు ఆనించి, ఇంకా వింటూనే ఉన్నాడు.

"అక్కా," అన్నాడు తల ఎత్తకుండా, "ఇంకోసారి చెప్పమను."

కళ్యాణి ఫోను దగ్గరికి లాక్కుంది.

"ఇంకోసారి చెప్పు," అంది. "జర గట్టిగ."